పదమూడోది

మా ఆయన నన్ను ‘ఎస్సై గారూ’ అని పిలుస్తాడు. కూరగాయలమ్మి తక్కెడ ఎత్తితే అందరూ ముల్లు చూస్తారు, నేను ఆమె బొటనవేలు చూస్తాను. పరీక్ష హాల్లో ఎవడు చీటీ తెచ్చాడో వాడు కూర్చునే తీరును బట్టే చెప్పేస్తాను. జమ్మలమడుగు హైస్కూల్లో ఇరవై ఏళ్ళు సోషల్ చెప్పడం వల్ల వచ్చిన గుణమని మా స్టాఫ్‌రూములో అనుకుంటారు. కాదు. నాకీ గుణం పదేళ్ళ వయసులో పట్టుకుంది. పట్టించింది మా నాయన.

ఆయన పోయిన నాలుగో రోజు ప్రొద్దుటూరు నుంచి ఖలందర్ మామ ఫోన్ చేశాడు. మా నాయనా ఆయనా మిలట్రీలో ఒకే కంపెనీ, సాపర్లు. యుద్ధంలో మందుపాతరలు పెట్టడం, శత్రువులు పెట్టినవి తీయడం వాళ్ళ పని.

“పాపా, పెద్దదినానికి మా మాజీ సైనికులం ఒక పదిమందిమి వస్తాండాం. ఆయప్ప బతుకు గురించి రెండు పేజీలు రాసిపెట్టు. అందరి ముందర చదవాల. నువ్వు టీచరువు గదా.”

సరేనని పెన్ను పట్టుకుని కూర్చున్నాను. మొదటి పేజీ గంటలో అయిపోయింది. పేరు నారాయణ, ఊరందరికీ మిలట్రీ నారాయణ. ముద్దనూరు దగ్గర మా పల్లెలో ఆరెకరాల నల్లరేగడి ఉన్న ఇంట్లో పుట్టాడు. పద్దెనిమిదేళ్ళప్పుడు పత్తి అమ్మడానికి తండ్రితో ప్రొద్దుటూరు పోయి, అక్కడ మిలట్రీ సెలక్షన్లు జరుగుతుంటే పరుగు పందెంలో దూరి, ఎడ్లబండిని తండ్రికి వదిలేసి రైలెక్కాడు. డెబ్బై ఒకటి యుద్ధంలో పడమటి సరిహద్దులో పొట్ట మీద పాకుతూ మందుపాతరలు తీశాడు. దానికి ఒక పతకం వచ్చింది. మా అమ్మ భారతమ్మ దాన్ని బియ్యం డబ్బాలో దాచింది. పెళ్ళయ్యాక కూడా ఆయన ఏడాదికి రెండు నెలలే ఇంట్లో ఉండేవాడు, మిగతా పది నెలలూ సేద్యం అమ్మదే. నేను పుట్టాను, నాలుగేళ్ళకు తమ్ముడు వివేక్ పుట్టాడు. తొంభై ఒకటి మార్చిలో హవల్దారుగా పెన్షన్ తీసుకుని, ఒక ఇనుప ట్రంకు పెట్టెతో ఇంటికి వచ్చేశాడు.

అక్కడ నా పెన్ను ఆగిపోయింది. ఆయన వచ్చిన ఎనిమిదో రోజే ఫకీర్ సాహెబ్ చెయ్యి పోయింది.

ఫకీర్ సాహెబ్ మా వీధి దర్జీ. నా స్కూలు పావడాలన్నీ ఆయన కుట్టినవే. ఆయన రెండెకరాల చేను మా చేనును ఆనుకునే ఉంది. ఆ పొద్దున మేకలకు గడ్డి కోద్దామని మా చేను మూలకు పోయి, కొడవలి మొనతో ఒక గరికదుబ్బు పెకలించాడు. దాని కింద నాటుబాంబు ఉంది. కుడిచేతి మూడు వేళ్ళు ఎగిరిపోయాయి. బొటనవేలు, చూపుడువేలు మిగిలాయి. ఆయన మళ్ళీ కుట్టుమిషన్ ముందు కూర్చోలేదు.

ఆ రోజుల్లో మా దిక్కు వర్గానికొక జీపు తిరిగేది. నాటుబాంబు గురించి తెలియని పిల్లలు లేరు. కానీ మా పల్లెలో అంతకుముందు ఎప్పుడూ పేలలేదు. మందుగుండు పని తెలిసినవాడు ఊళ్ళోకి దిగిన ఎనిమిదో రోజు, ఆయన చేనులోనే పేలింది. ఊరికి ఇంకో సాక్ష్యం అక్కర్లేకపోయింది. పోలీసులు రెండు రోజులు తిప్పుకుని ఏమీ తేలక నాయనను వదిలేశారు. ఊరు వదల్లేదు.

ఫకీర్ సాహెబ్ కూతురు ఫాయిజా బళ్ళో నా పక్కనే కూర్చునేది. ఆ సోమవారం పలక, పుస్తకాలు తీసుకుని లేచింది.

“మీతో మాట్లాడొద్దని మా అమ్మ చెప్పింది” అని వెనక వరుసకు పోయింది.

పదో తరగతి దాకా ఒకే గదిలో చదువుకున్నాం. మళ్ళీ ఒక్క మాట లేదు. ఇప్పటికీ నాకు అంతటి స్నేహితురాలు దొరకలేదు.

అప్పటి నుంచి నేను మా నాయన మీద నిఘా పెట్టాను. తెల్లవారగానే ఆయన ఆ మూలలో నేల మీద బోర్లా పడుకుని ఉండేవాడు. గోనెసంచులు కుట్టే దబ్బనాన్ని ఒక కర్రకు కట్టి, మట్టిలోకి ఏటవాలుగా, మెల్లగా గుచ్చుతుండేవాడు. నన్ను చూస్తే “ఇంటికి పో” అని గద్దించేవాడు. దాచినవి సర్దుకుంటున్నాడని అనుకున్నాను. ఆ నెలలోనే మా పాత దిగుడుబావిని మట్టితో పూడ్పించేశాడు. ఊళ్ళో నీళ్ళ కోసం అందరూ ఏడుస్తుంటే, నీళ్ళున్న బావిని పూడ్చే రైతు ఉంటాడా? ఒక జీపు నాలుగుసార్లు మా ఇంటి ముందుకు వచ్చింది. ఆయన దాని తలుపు పట్టుకుని నిలబడి చాలాసేపు మాట్లాడాడు. ఆ మాటలు నాకు వినిపించలేదు. వినిపించని చోటంతా నేనే నింపుకున్నాను.

ఆ తర్వాత రాళ్ళు పెట్టాడు. ఆ మూలలో ఐదు సెంట్ల నేల చుట్టూ, బారెడుకొకటి చొప్పున గుండ్రాళ్ళు. ఒక పక్క సున్నం, ఒక పక్క ఎడ్లబండి చక్రాలకు పూసే ఎర్ర రంగు. ఆ నేలను దున్నలేదు, దున్ననివ్వలేదు, మేకను కూడా తొక్కనివ్వలేదు. మా దిక్కు తెలుపూ ఎరుపూ పక్కపక్కన కనపడితే గుడి కిందే లెక్క. దారిన పోయే ఆడవాళ్ళు ఏ అమ్మవారో వెలసిందనుకుని పసుపు చల్లడం, కొబ్బరికాయ కొట్టడం మొదలుపెట్టారు. ఒకామె కోడిని కూడా తెచ్చింది. నాయన ఆ కొబ్బరి చిప్పలు రోడ్డు మీదికి విసిరేసి, బూతులు తిట్టి తరిమాడు. దేవుడంటే లెక్కలేనివాడని ఇంకొక పేరు వచ్చింది. మగవాళ్ళు మాత్రం ఆ రాళ్ళను చూసి ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు. అది గుడి కాదు, మిలట్రీవాడి సరుకు ఉన్న చోటని వాళ్ళ నమ్మకం. నా నమ్మకం కూడా.

నాకు పదకొండేళ్ళప్పుడు ఉగాదికి ఇల్లంతా సున్నం కొట్టాం. బకెట్లో కొంచెం మిగిలింది. మంచి పని చేద్దామని పోయి, బయట నిలబడే చేయి చాపి, ఆ రాళ్ళకు ఎర్ర పక్క మీద కూడా సున్నం పూశాను. నాలుగు రాళ్ళు అయ్యేసరికి నాయన వచ్చాడు. జీవితంలో ఆయన నన్ను కొట్టింది ఆ ఒక్కసారే. చెంప మీద ఐదు వేళ్ళూ తేలాయి. కొట్టి, నన్ను ఎత్తుకుని రోడ్డు దాకా మోసుకొచ్చి, మళ్ళీ పోయి కూర్చుని ఆ నాలుగు రాళ్ళకూ ఎర్ర రంగు వేశాడు. ఆయన చేతులు వణుకుతున్నాయి. తప్పు చేసినవాడి చేతులే అట్లా వణుకుతాయని నేను తీర్మానించుకున్నాను.

అన్నిటికంటే పెద్ద సాక్ష్యం ఇంకోటి ఉంది. ప్రతి ఏడూ తొలకరికి నాయన ముందు ఫకీర్ సాహెబ్ చేను దున్నేవాడు, ఆ తర్వాతే మాది. మొదట ఎడ్లతో, తర్వాత ట్రాక్టరుతో. ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు, పోయి దున్నేవాడు. ఫకీర్ సాహెబ్ ఇంటి అరుగు మీద కూర్చుని చూస్తుండేవాడు. ఆ ఇంటి నుంచి ఎవరూ పలకరించేవాళ్ళు కాదు. నాయన మిలట్రీ నీళ్ళ సీసా నడుముకు కట్టుకుని పోయి, అది అయిపోతే నోరెండి ఇంటికి వచ్చి కుండ దగ్గర నిలబడేవాడు. చేసిన పాపం కడుక్కుంటున్నాడని ఊరు అనేది. ఏ పాపమూ చేయనివాడు ఇంకొకరి చేను ముప్పై మూడేళ్ళు ఊరికే దున్నుతాడా?

నాయనను ఎందుకు అడగలేదని మా ఆయన ఒకసారి అన్నాడు. అడిగితే అవునంటాడేమోనని భయం. పెళ్ళయ్యాక జమ్మలమడుగు నుంచి పండుగలకు పోయి, అన్నం తిని, సాయంత్రానికి వచ్చేసేదాన్ని. నాయన బస్టాండు దాకా వచ్చి, బస్సు కదిలేదాకా నిలబడేవాడు. కిటికీలోంచి ఆయన చేతులే చూసేదాన్ని.

పెద్దదినం ఇంకా రెండు రోజులుందనగా వివేక్ పులివెందుల నుంచి వచ్చాడు. వాడికి అక్కడ చీనీ తోట, డ్రిప్పు పైపుల అంగడి ఉన్నాయి. వచ్చీ రాగానే చేను చూసి వచ్చాడు.

“అక్కా, పది కార్లు వస్తాయి. షామియానా యాడ ఏస్తాం? చేనంతా శనగ. ఆ మూల ఒకటే ఖాళీ. రేపు పొద్దున జేసీబీకి చెప్పినా. రాళ్ళు పీకేసి నేల సదును చేస్తే అందరికీ సరిపోతాది.”

అమ్మ వరండాలో కూర్చుని ఉంది. తల ఎత్తకుండానే అంది.

“ఆ మూల వద్దు రా.”

“ఎందుకొద్దు?”

అమ్మ లేచి లోపలికి పోయింది. నాయనను పూడ్చేటప్పుడు కూడా ఇట్లాగే అయింది. ఆ మూలలో తవ్వుదామని వివేక్ అంటే, వద్దు, వేపచెట్టు కింద పెట్టండని పట్టుబట్టింది. అప్పుడు నేను పట్టించుకోలేదు. ఇప్పుడు నా ఎస్సై బుద్ధి మెల్లగా తల తిప్పింది.

ఆ మధ్యాహ్నమే ఖలందర్ మామ వచ్చాడు. ఏర్పాట్లు చూద్దామని రెండు రోజులు ముందే బయలుదేరాడట. సమాధి చూపించమంటే చేనుకు తీసుకుపోయాను. దూరంగా కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు కనిపిస్తున్నాయి. గట్టు మీద నడుస్తూ ఆ రాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపేశాడు. డెబ్బై ఐదేళ్ళ మనిషి పట్టు అంత గట్టిగా ఉంటుందనుకోలేదు.

“ఈ రాళ్ళు ఎవరు పెట్టినారు పాపా?”

“నాయనే.”

ఆయన లోపలికి అడుగు పెట్టకుండా చుట్టూ తిరిగి చూశాడు. వంగి, ఒక్కొక్క రాయి అవతలి పక్కను పరీక్షించాడు.

“తెల్ల మొగం మన దిక్కు. ఎర్ర మొగం లోపలి దిక్కు. ఇట్లాటి రాళ్ళు నేనూ మీ నాయనా సరిహద్దులో వేలల్లో పెట్టినాం. తెల్ల దిక్కు నిలబడినోనికి ఏమీ కాదు. ఎర్ర దిక్కు పోయినోడు తిరిగి రాడు.”

చెంప మీద చెయ్యి వేసుకున్నాను. ఆ దెబ్బ ఎందుకు పడిందో అప్పుడు తెలిసింది. కానీ నా అనుమానం అంత తేలిగ్గా చచ్చేది కాదు.

“అంటే లోపల ఉండాయి. మా నాయన పెట్టినవే గదా మామా.”

ముప్పై మూడేళ్ళలో మా ఆయన ముందు తప్ప ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. ఖలందర్ మామ నన్ను ఎగాదిగా చూశాడు.

“ఏం చదివినావు పాపా నువ్వు? పాతినోడు దాస్తాడు, రాయి పెట్టి ఊరికి చూపియ్యడు. ఇంకొకరు పాతింది కనుక్కున్నోడే రాళ్ళు పెడతాడు.”

స్నేహితుణ్ణి వెనకేసుకొస్తున్నాడేమోనని మొదట అనిపించింది. ఎంత తిప్పి చూసినా ఆ మాటలో లొసుగు దొరకలేదు. నాయన ఊళ్ళోకి వచ్చింది అది పేలడానికి ఎనిమిది రోజుల ముందే. ఆ బాంబు మీద గరిక మొలిచి, దుబ్బుగా బలిసి ఉంది. అంతకుముందు పది నెలలూ ఆ చేను గట్టు తొక్కింది ఎవరు? ఆ లెక్క చేసుకుంటూ ఇంటి దాకా నడిచాను. లెక్క తేలాక నేరుగా పెరట్లోకి పోయాను.

అమ్మ పెరట్లో ఉంది. నా మొహం చూసి, చేతిలో ఉన్న చేట కింద పెట్టింది.

“ఖలందరు చెప్పినాడా?” అంది.

“నువ్వు చెప్పు.”

“మీ నాయన వచ్చేదానికి నెల దినాల ముందు. మీ ఓబులేసు మామ వచ్చినాడు.” ఓబులేసు అమ్మకు తమ్ముడు, ఒక వర్గం జీపులో తిరిగేవాడు. తర్వాత రెండేళ్ళకే అవతలి వర్గం వాళ్ళు చంపేశారు. “పొద్దుమునిగే యాళ. గంపలో రంపపుపొట్టు, పైన గోనెపట్ట. ‘అక్కా, డజనుండాయి, వారం దినాలు పెట్టు, వచ్చి తీసకపోతా’ అన్యాడు. ఒకచోట పెడితే ఒకటి పేలితే అన్నీ పేలతాయంట, విడివిడిగా పెట్టమన్యాడు. వాడు గట్టు మీద నిలబడినాడు. నేనే పెట్టినా.”

“ఎట్ల పెట్టినావు?”

“వంకాయ నారు నాటినట్ట పెట్టినా. మూడు సాళ్ళు, సాలుకు నాలుగు, అడుగు ఎడం. నాకు వేరే పద్ధతి యాడ తెలుసు?” ఆమె చెయ్యి తనకు తెలియకుండానే మొక్క నాటుతున్నట్టు కదిలింది. “ఫకీర్ సాహెబుకు తగిలిన దినమే మీ నాయనకు చెప్పేసినా. నరుకుతాడనుకున్యా. చెయ్యెత్తలా. ‘ఎన్ని?’ అని ఒకటే అడిగినాడు. డజనన్నా. మళ్ళా, పదమూడేమో అన్నా.”

“పదమూడెందుకు?”

“డజనంటే పన్నెండు యాడుంటాయమ్మా? గాజులు కొన్నా, అరటికాయలు కొన్నా కొసరు ఏస్తారు గదా. వాడు గూడా ఒకటి ఏసింటాడనుకున్యా. చివర్లో గంప అడుగున చేతికి ఇంకోటి తగిలినట్టే ఉన్నింది. దాన్ని గూడా పెట్టినానేమో. పెట్టినానో, ఉత్త పొట్టే తగిలిందో. వాణ్ణి అడిగితే, గంపలో ఏసేటప్పుడు నేను లెక్కపెట్టలా అన్యాడు.”

నాయన దబ్బనంతో వెతికి పదకొండు తీశాడట. ఒక్కొక్కటే నీళ్ళ బకెట్లో వేసి, బావిలో దించి, బావి పూడ్చేశాడు. ఫకీర్ సాహెబుకు తగిలిన దానితో పన్నెండు. పదమూడోది దొరకలేదు. ఉందో లేదో తెలియదు. నల్లరేగడి ఎండకు నిలువునా నెర్రెలిస్తుంది, చేతి కర్ర పడితే చేతికి అందదు. బాంబు ఏ నెర్రెలోకి దిగిపోయిందో అని ఆయన భయం. పోలీసులకు చెబితే అమ్మ జైలుకు పోతుంది. జీపు వాళ్ళు సరుకు కోసం వస్తే, నీళ్ళపాలు చేశానని చెప్పి, చంపుకుంటే చంపుకోండని నిలబడ్డాడట.

“ఏటా ఎండాకాలం టార్చి తీసకపోయి నెర్రెల్లోకి చూసేవాడు. ‘భారతీ, బాగా గుర్తు తెచ్చుకో, పన్నెండా, పదమూడా’ అనేవాడు. నాకు గుర్తుకు రాదు. పోయేదానికి ముందు దినం గూడా అడిగినాడు.”

నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండిపోయింది.

“ఇన్నేండ్లు నేను ఆయప్పను ఎట్ల చూసినానో నీకు తెలుసు. ఫాయిజా నన్ను ఇడిసిపెట్టి పోయిన దినం నీ ఒళ్ళోనే ఏడ్చినా. నోరు మూసుకుని ఎట్ల ఉన్నావమ్మా?”

“చెప్తానన్నా. శానాసార్లు అన్నా. ఆయన ఒప్పుకోలా.” అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “‘పిల్ల నన్ను అనుమానిస్తాంది, నాకు తెలుసు. అనుమానించనీ. నేను ఇన్నేండ్లు ఇంట్లో లేనోణ్ణి, నేను లేకుండా బతకడం దానికి అలవాటే. నిన్ను గూడా అనుమానిస్తే అది యాడికి పోతాది?’ అన్యాడు.”

బస్టాండులో నిలబడిన మనిషి కళ్ళ ముందుకు వచ్చాడు. నేను కిటికీలోంచి తన చేతులే చూస్తున్నానని ఆయనకు తెలుసు. తెలిసీ బస్సు కదిలేదాకా నిలబడేవాడు. పెరటి గోడను పట్టుకుని, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చాను.

మర్నాడు పొద్దున జేసీబీని రోడ్డు మీద నుంచే వెనక్కి పంపేశాం. ఖలందర్ మామ తనకు తెలిసినవాళ్ళతో మాట్లాడితే కడప నుంచి బాంబుల దళం వచ్చింది. పాత సైనికుడి రాళ్ళు చూసి అనుమానం వచ్చిందని మాత్రమే చెప్పాడు. కుక్క వాసన చూసింది, యంత్రం కూసింది. సాయంత్రం దాకా ఆ ఐదు సెంట్లూ నాలుగడుగుల లోతున జల్లెడ పట్టారు. ఎద్దు నాడాలు రెండు, విరిగిన కొడవలి ముక్క, నాగలి మేకులు దొరికాయి.

“ఏమీ లేదమ్మా” అన్నాడు వాళ్ళ పెద్ద.

“బాగా చూసినారా సామీ?” అని అమ్మ గట్టు మీద నుంచి అడిగింది.

“పాతికేళ్ళ సర్వీసమ్మా నాది. ఉంటే దొరికేది.”

అమ్మ గట్టు మీదే కూలబడింది. “పన్నెండే” అంది. ఓబులేసు మామ కొసరు వేయలేదు. మా నాయన ముప్పై మూడేళ్ళు కాపలా కాసింది ఉత్త మట్టికి.

ఇంక నా రెండో పేజీ మిగిలింది. నిజం రాస్తే మా అమ్మ ఊరి నోట్లో పడుతుంది. రాయకపోతే నాయన అట్లాగే ఉండిపోతాడు. అమ్మ “నా పేరు రాయి” అంది. వివేక్ మాత్రం కాగితం లాక్కున్నంత పని చేశాడు.

“వద్దక్కా. నాయన అన్నేండ్లు దాచింది అమ్మ కోసమే గదా. నువ్వు ఒక్క దినంలో బయట పెడతావా?”

వాడి మాటలో తప్పు లేదు. అమ్మ మాటలోనూ లేదు. చివరికి ఒక్క వాక్యమే రాశాను. మా నాయన బాంబులు చేయలేదు, దాచలేదు.

పెద్దదినం నాడు షామియానా ఆ మూలలోనే, తవ్వి పూడ్చిన మట్టి మీదనే వేశాం. ప్రొద్దుటూరు మాజీ సైనికులు మెడల్సు పెట్టుకుని వచ్చారు. నాయన ఫోటో పక్కన బియ్యం డబ్బాలోని పతకం పెట్టాం. ఫకీర్ సాహెబ్ వచ్చి చివరి కుర్చీలో కూర్చున్నాడు. దినానికి రాకపోతే ఊరు ఏమనుకుంటుందోనని వచ్చినట్టు, చేతులు చంకల్లో పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన ఫాయిజా నిలబడి ఉంది. ఆమె మొగుడు కువైట్‌లో ఉన్నాడు, ఆమె తండ్రి దగ్గరే ఉంటోంది. తల నెరిసింది. నన్ను చూసి చూపు తిప్పుకుంది. భర్త పోయిన ఆడది పెద్దదినం నాడు నలుగురి ముందుకు రాకూడదు, అందుకని అమ్మ ఇంట్లో మూల గదిలో ఉంది. ఇల్లు రోడ్డుకు అవతలే, మైకులో మాట అక్కడికి వినిపిస్తుంది.

మొదటి పేజీ చదివాను. రెండో పేజీలో ఆ వాక్యం చదివాను. వెనక నుంచి ఒక ముసలాయన అడిగాడు.

“మరి ఎవరివి పాపా అయి?”

జవాబు నా నాలుక మీదే ఉంది. నేను కాగితం పట్టుకుని నిలబడ్డాను. అందరూ నన్నే చూస్తున్నారు. అబద్ధం చెబుతోందన్న చూపు, తండ్రిని వెనకేసుకొస్తోందన్న చూపు. ఆ చూపు నాకు కొత్త కాదు, అది నాదే. ముప్పై మూడేళ్ళు నేను దాన్ని మా నాయన మీద పెట్టాను. అది ఒంటి మీద పడితే ఎట్లా ఉంటుందో ఇప్పుడే తెలిసింది. ఆయన దీని కింద తిన్నాడు, దున్నాడు, నన్ను బస్సెక్కించాడు. నా చేతులు వణికాయి.

ఇంటి తలుపు చప్పుడైంది. అమ్మ గడప దాటి బయటికి వచ్చింది. బొట్టు లేని మొహం, మెడలో ఏమీ లేదు. ఆడవాళ్ళు నోటి మీద చేతులు వేసుకున్నారు. వివేక్ అడ్డం పోబోతే ఖలందర్ మామ వాడి భుజం పట్టుకున్నాడు. అమ్మ రోడ్డు దాటి, కుర్చీల మధ్యగా నడిచి, చివరి కుర్చీ ముందు ఆగింది.

“ఫకీర్ సాహెబూ, అయి మా తమ్మునివి. మట్టిలో పెట్టింది నేను. నీ చెయ్యి తీసింది నేను. ఆయన గాదు.”

ఆ చిన్న గొంతుకు మైకు అక్కర్లేకపోయింది. ఫాయిజా కుర్చీని పట్టుకుంది. ఫకీర్ సాహెబ్ చంకల్లోంచి చేతులు తీసి, ఆ కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని, ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా న్యాయమే అనుకున్నాను. ఆయన అమ్మను చూడకుండా, ఫోటో వైపు చూస్తూ మాట్లాడాడు.

“ముప్పై మూడేండ్లు నా చేను దున్నినాడు వదినా. మిట్టమద్దేనం ఎండలో దున్నినాడు. ఒక్కనాడు గూడా నీళ్ళు తాగుతావా అని అడగలా నేను. మా ఇంట్లోవాళ్ళను గూడా ఇయ్యనియ్యలా.”

ఆయన లేచాడు. వంటల దగ్గరున్న నీళ్ళ డ్రమ్ము దాకా నడిచి, చెంబు ముంచుకున్నాడు. మిగిలిన ఆ రెండు వేళ్ళతో పట్టుకుని, ఎడమచెయ్యి కింద ఆసరా పెట్టుకుని, ఒక్క చుక్క ఒలకకుండా ఫోటో దగ్గరికి తెచ్చాడు. తెచ్చాక, ఆ చెంబు ఎవరికివ్వాలో తెలియక, అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు.